సీలింగ్

రసల్ ఖైమా. ఆగస్టు చివర.
ఆటగాళ్ల సంత మూసేందుకు ఇంకా ఆరు గంటలు.
నిదాల్ సాబ్ ఎక్సెల్ షీటులో
ఒక్క గడి ఎర్రగా మండుతోంది.
ఇరవై ఎనిమిది మంది జీతాలు కూడితే
లీగు గీసిన గీత దాటి
నెలకు నలభై వేల దిర్హాములు పొర్లిపోయాయి.

నేను గావా పోసేవాణ్ని, జిరాక్సులు తీసేవాణ్ని.
పదకొండేళ్లలో కాగితాన్ని వాసన పట్టడం వచ్చింది.
ఇక్కడ బంతి గడ్డి కంటే ముందు
కాగితం మీద దొర్లుతుంది.
ముప్పై రెండేళ్ల మోకాలికి ఏడాదే రాస్తారు,
పందొమ్మిదేళ్ల పిక్కకు నాలుగేళ్లు.
గోలు కొడితే ఇంత, కొట్టనియ్యకుంటే ఇంత,
ఇంకో క్లబ్బు ఎగరేసుకుపోతే ఇంత అని
ఈనని బర్రె దూడకు ముందే పలుపు పేనుతారు.

"క్వాబెనాను తీసెయ్" అంది ఫోను.
ఘనావాడు. ఫిబ్రవరిలో మడమ నరం తెగింది.
ఆడని కాలు కూడా గీత కింద చోటు తింటుందట.
రెండు ఊతకర్రల మీద వచ్చాడు,
మూడు నెలల పైసలకు మూడు సంతకాలు పెట్టాడు,
కలం మూత పెట్టి నాకే ఇచ్చాడు.
"ఫ్రీజర్లో చేపలున్నాయి లింబాద్రీ,
రేపు ఫ్లాటు ఖాళీ చేస్తా, నువ్వు తీస్కపో."
అంతే అన్నాడు.

ఇరవై ఒక్క వేలు తగ్గింది.
గడి ఇంకా ఎర్రగానే ఉంది.

కొత్త స్ట్రైకర్ని ఇదివరకే ముక్కలు కోశారు:
ఇంటి కిరాయి ఎవరిదో బామ్మర్ది కంపెనీ మీద,
ముఖం మీది హక్కు ఒక రంగుల దుకాణం మీద,
పెళ్లాం పేరు మీద తిండి సలహా.
ఇంకా పందొమ్మిది వేలు ఏ సందులో దూర్చాలో తెలియక
నిదాల్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

సీలింగ్ అంటే నాకు కొత్త కాదు సాబ్.
డెబ్బై మూడులో భూముల మీద సీలింగ్ వస్తే
మా దొర కొంత ఎడ్ల పేరు మీద రాసిండు,
కొంత సచ్చిన మేనత్త పేరు మీద,
పద్నాలుగెకరాలు మా తాత పోశెట్టి పేరు మీద.
తాతకు తెల్వది.
తన పొలంలోనే తను పన్నెండేండ్లు జీతమున్నడు,
పొద్దుకు రెండు సోలల జొన్నలకు.
సొసైటీ అప్పు నోటీసు ఇంటికొచ్చిన నాడు
పటేలు చదివి చెప్తే నవ్విండట,
"నేను పట్టాదారునా!" అని
ఊరంతా తిరిగి చెప్పుకున్నడట.
జీతం. మాట ఒక్కటే.
మా దిక్కు అది మెడకుంటది,
ఈడ కాలికుంటది.

"లింబాద్రీ, నీ ఐడీ కార్డు ఉందా?"

ఉంది. ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.
అర్ధగంటలో ప్రింటరు నన్ను కొత్తగా కన్నది:
ప్రతిభాన్వేషణ సలహాదారు,
నెలకు పందొమ్మిది వేలు.
నా అసలు జీతం పద్నాలుగు వందలు,
శుక్రవారం ఓవర్‌టైం వేరే.
ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటూ
ఆయన వేలు కాగితం మీద గెంతింది.

పెట్టాను. వీసా వాళ్ల చేతిలో ఉంది.
గడి పచ్చబడింది.
కానీ జిరాక్సు తీసేది నేనే కదా.
ఒక కాపీ ఫైలుకు, ఒకటి లీగుకు.
మూడోది ప్లాస్టిక్ కవరులో చుట్టి
క్వాబెనా చేపల కింద పెట్టాను,
క్యాంపు ఫ్రిజ్‌లో, మా ఎనిమిది మంది పెరుగు డబ్బాల వెనక.
తాత ఆ కాగితం కళ్లతో చూడలేదు.

శుక్రవారం రాత్రి మ్యాచ్.
డెబ్బై ఒకటో నిమిషంలో స్ట్రైకర్ ఎడమ కాలు లేచింది,
వల ఉబ్బింది, ఊరు లేచి నిలబడింది.
నేను నీళ్ల సీసాల బుట్ట పట్టుకుని
గీత పక్కన లెక్క వేస్తున్నాను,
ఆ కాలులో మడమ దాకా నాదా,
పిక్క దాకానా అని.
చెమటతో వచ్చి చెయ్యి చాపాడు.
నా ముఖం చూడలేదు.
మూత తీసి ఇచ్చాను.